ముందు మెయిల్, తర్వాతే మిగతావి: ఖాతాలను, ఫోన్‌ను భద్రం చేసుకునే క్రమం

భద్రత గురించి బెంగ పుట్టగానే చాలామంది ఫేస్‌బుక్ పాస్‌వర్డ్ మార్చి, ఒక యాంటీవైరస్ యాప్ వేసుకుని, పని అయిపోయిందనుకుంటారు. మీ ఖాతాల్లో ఏదో ఒకటి తీసుకుని "పాస్‌వర్డ్ మర్చిపోయాను" అని నొక్కి చూడండి. కోడ్ మెయిల్‌కు వస్తుంది, లేదా ఫోన్ నంబరుకు వస్తుంది. ఆ రెండూ ఎవరి చేతిలో ఉంటే మిగతా ఖాతాలన్నీ వాళ్ల చేతిలో ఉన్నట్టే.

అందుకే ఇక్కడ వరసే అసలు సంగతి. వరస తప్పితే చేసిన పనే మళ్లీ చేయాలి. ఒక్కోసారి మీ ఖాతా బయట మీరే నిలబడాల్సి వస్తుంది.

"నా దగ్గర దొంగిలించడానికి ఏముంది?" అనేవాళ్లు ఉంటారు. దొంగకు మీ ఫొటోలతో పని లేదు. మీ పేరుతో మీ వాళ్లకు "అర్జెంటుగా కొంచెం డబ్బు సర్దు" అని మెసేజ్ పెట్టగలిగితే చాలు.

మొత్తం పనికి రెండు మూడు గంటలు పడుతుంది. మొదటి ఐదు భాగాలు ఒక పూటలో ఆపకుండా పూర్తి చేయండి. మిగతావి మర్నాడు చూసుకోవచ్చు.

## 1. మొదలుపెట్టే ముందు

దగ్గర పెట్టుకోవలసినవి:

- పూర్తిగా చార్జ్ అయిన మీ ఫోన్
- మీ సొంత కంప్యూటర్ గానీ, మీకు నమ్మకమున్న మరో ఫోన్ గానీ
- ఒక నోట్‌బుక్, పెన్ను
- అతికించి మూయగలిగే కవరు ఒకటి

ఆఫీసు కంప్యూటర్‌లోనో, స్నేహితుల ఫోన్‌లోనో ఈ పని పెట్టుకోవద్దు. ప్రయాణంలో అసలే వద్దు. పాస్‌వర్డ్ మార్చి, అది రాసుకోకముందే సిగ్నల్ పోతే పడే తిప్పలు అన్నీ ఇన్నీ కావు.

ఫోన్ ముట్టుకోకముందు పుస్తకంలో నాలుగు గడులు గీయండి. మొదటి గడిలో ఖాతా పేరు. రెండో గడిలో ఆ ఖాతాకు ఇచ్చిన మెయిల్. మూడో గడిలో ఇచ్చిన ఫోన్ నంబరు. నాలుగో గడిలో ఒకే ప్రశ్న: పాస్‌వర్డ్ మర్చిపోతే కోడ్ ఎక్కడికి వస్తుంది?

ముందు మెయిల్ ఖాతాలు రాయండి, తర్వాత డబ్బుకు సంబంధించినవి, ఆ తర్వాత మనుషులతో మాట్లాడే యాప్‌లు. షాపింగ్, ఆటలు, టికెట్ల ఖాతాలు ఆఖర్న.

నాలుగో గడి నింపుతున్నప్పుడే అసలు లోపాలు బయటపడతాయి. ఎప్పుడో వదిలేసిన నంబరు ఇంకా ఒక ఖాతాకు అతుక్కుని ఉంటుంది. వాడకం ఆగిన నంబర్లను కంపెనీలు కొన్నాళ్లకు వేరేవాళ్లకు ఇచ్చేస్తాయి కాబట్టి, ఆ ఖాతా కోడ్ ఇప్పుడు ముక్కూ మొహం తెలియని మనిషికి వెళ్తుంది. కాలేజీనో పాత ఉద్యోగమో ఇచ్చిన మెయిల్ కూడా అలాంటిదే. ఇలాంటి వాటి పక్కన ఎర్ర గుర్తు పెట్టుకోండి. ఇప్పుడే మార్చకండి. మెయిల్ సరిచేశాక వాటి దగ్గరికి రావాలి.

## 2. ఫోన్ తాళం, సిమ్ తాళం

తెర తాళం. నాలుగు అంకెల పిన్‌కు 10,000 కలయికలే ఉంటాయి. ఆరంకెలైతే 10 లక్షలు. తొమ్మిది చుక్కల మీద వేలితో గీసే ప్యాటర్న్‌కు 3,89,112 రకాలు కుదురుతాయి. లెక్కకు బాగానే ఉంది కానీ, పక్కనున్న మనిషి ఒక్కసారి చూస్తే గుర్తుండిపోయేది కూడా అదే. ఆరంకెల పిన్ పెట్టండి. పుట్టిన తేదీ, 123456, బండి నంబరు వద్దు. వేలిముద్ర ఉంచుకోవచ్చు, అయితే దాని వెనకున్న పిన్ బలహీనంగా ఉంటే వేలిముద్ర వల్ల ఒరిగేది ఏమీ లేదు.

తెర మీద కనబడే మెసేజ్‌లు. తాళం వేసి ఉన్నా ఓటీపీ తెర మీద మెరిస్తే తాళం వేసి లాభమేమిటి? సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్‌కు వెళ్లి, లాక్ స్క్రీన్ మీద లోపలి విషయం కనబడకుండా చేయండి. మెసేజ్ వచ్చిందని తెలిస్తే చాలు.

సిమ్ పిన్. ఫోన్ పోతే దొంగ సిమ్ తీసి వేరే ఫోన్‌లో వేసుకుంటాడు. తెర తాళం అక్కడ పనికిరాదు, సిమ్ పిన్ అడ్డుపడుతుంది. ఇది జాగ్రత్తగా చేయాల్సిన పని:

1. మీ సిమ్‌కు కంపెనీ ముందే పెట్టిన పిన్ ఏమిటో సిమ్ కార్డు అట్ట మీదో, కంపెనీ యాప్‌లోనో చూసుకోండి. ఊహించి కొట్టవద్దు.
2. సెట్టింగ్స్‌లో "సిమ్ లాక్" లేదా "సిమ్ పిన్" ఆన్ చేసి, ఆ పాత పిన్ ఇవ్వండి.
3. వెంటనే మీ సొంత పిన్‌కు మార్చుకోండి.
4. ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేయండి. పిన్ అడిగితే పని అయినట్టు.

మూడుసార్లు తప్పు కొడితే సిమ్ ఆగిపోయి, పీయూకే అనే 8 అంకెల కోడ్ అడుగుతుంది. అది కంపెనీ దగ్గర దొరుకుతుంది. ఆ పీయూకే పదిసార్లు తప్పు కొడితే సిమ్ శాశ్వతంగా చచ్చిపోతుంది, కొత్తది తీసుకోవాల్సిందే.

సిమ్ పిన్ వల్ల ఆగనిది ఒకటుంది: మీ పేరుతో ఇంకెవరో డూప్లికేట్ సిమ్ తీసుకోవడం. దానికి గుర్తు, ఉన్నట్టుండి సిగ్నల్ పూర్తిగా పోవడం. పక్కవాళ్ల ఫోన్‌లో అదే నెట్‌వర్క్ పనిచేస్తూ, మీ ఫోన్‌కు మాత్రం గంట దాటినా రాకపోతే "టవర్ సమస్యేమో" అని ఊరుకోకండి. వేరే ఫోన్ నుంచి కంపెనీకి ఫోన్ చేయండి.

కాల్ ఫార్వర్డింగ్. డయలర్‌లో *#21# కొడితే మీ కాల్స్ ఇంకో నంబరుకు మళ్లుతున్నాయో లేదో చాలా నెట్‌వర్క్‌లలో తెలుస్తుంది. తెలియని నంబరు కనిపిస్తే ##002# కొట్టండి, మళ్లింపులన్నీ రద్దవుతాయి. వాయిస్‌మెయిల్ వాడేవాళ్లకు అదీ ఆగిపోతుంది, దాన్ని మళ్లీ పెట్టుకోవాలి. నక్షత్రం గుర్తుతో మొదలయ్యే కోడ్ ఏదైనా డయల్ చేయమని ఫోన్‌లో ఎవరైనా చెబితే, కాల్స్ మళ్లించుకోవడానికే అయి ఉంటుంది. ఓటీపీ వాయిస్ కాల్‌లో కూడా వస్తుంది కదా.

## 3. మెయిల్: ఇక్కడ తొందరపడకూడదు

మొత్తం పనిలో సగం విలువ ఈ భాగానిదే. అరగంట పట్టినా పట్టనివ్వండి. కింది వరస జీమెయిల్‌కే కాదు, ఏ మెయిల్‌కైనా పనికొస్తుంది.

1. లాగిన్ అయి ఉన్న పరికరాలు చూడండి. భద్రత పేజీలో జాబితా ఉంటుంది. అమ్మేసిన ఫోన్, పాత ఆఫీసు కంప్యూటర్, ఎప్పుడూ చూడని పేరు కనిపిస్తే అక్కడి నుంచే సైన్ అవుట్ చేయండి.
2. రికవరీ నంబరు, రికవరీ మెయిల్ సరిచూడండి. రెండూ ఇప్పుడు మీ చేతిలో ఉన్నవే అయి ఉండాలి. రికవరీ మెయిల్‌గా ఇచ్చిన ఖాతాలోకి ఇప్పుడే ఒకసారి లాగిన్ అయి చూడండి.
3. కొత్త పాస్‌వర్డ్ పెట్టండి. ఇంకెక్కడా వాడనిది. ఎలా తయారుచేయాలో తర్వాతి భాగంలో ఉంది, ముందు అది చదివి ఇక్కడికి రండి.
4. ఫార్వర్డింగ్, ఫిల్టర్లు తెరిచి చూడండి. అందరూ దాటేసే మెట్టు ఇది.
5. ఈ ఖాతాతో లాగిన్ అయిన యాప్‌ల జాబితా చూడండి. ఎప్పుడో ఒక క్విజ్ కోసం ఇచ్చిన అనుమతి ఇంకా బతికే ఉంటుంది. కొన్ని యాప్‌ల అనుమతి పాస్‌వర్డ్ మార్చినా పోదు, చేత్తో తీసేయాలి.
6. రెండో తాళం, అంటే పాస్‌వర్డ్ తర్వాత ఇంకో రుజువు అడిగే టూ-స్టెప్ వెరిఫికేషన్, పెట్టండి. ఐదో భాగం చూడండి.

నాలుగో మెట్టు దగ్గర కాసేపు ఆగాలి. మెయిల్‌లోకి చొరబడినవాడు పాస్‌వర్డ్ మార్చి మిమ్మల్ని బయటకు గెంటేస్తే మీకు వెంటనే తెలిసిపోతుంది. తెలివైనవాడు ఆ పని చేయడు. ఒక ఫిల్టర్ పెడతాడు: సబ్జెక్టులో "పాస్‌వర్డ్", "ట్రాన్సాక్షన్" లాంటి మాట ఉంటే చదివినట్టు గుర్తుపెట్టు, ట్రాష్‌లో పడేయి, కాపీ ఫలానా చిరునామాకు పంపు. మీరు పాస్‌వర్డ్ మార్చినా ఆ ఫిల్టర్ కదలకుండా అలాగే ఉంటుంది. జీమెయిల్‌లో ఇది ఫోన్ యాప్‌లో దొరకదు. కంప్యూటర్ బ్రౌజర్‌లో తెరిచి, సెట్టింగ్స్‌లో "ఫిల్టర్స్ అండ్ బ్లాక్డ్ అడ్రసెస్", "ఫార్వర్డింగ్ అండ్ పాప్/ఐమ్యాప్" అనే రెండు ట్యాబ్‌లు చూడాలి. మీరు పెట్టని ఫిల్టర్ ఏది కనిపించినా ముందు ఫొటో తీసుకుని, తర్వాత తీసేయండి.

మెయిల్ అయ్యాకే ఎర్ర గుర్తు పెట్టిన ఖాతాల దగ్గరికి వెళ్లి, పాత నంబర్లు, పాత మెయిల్ చిరునామాలు మార్చండి.

## 4. పాస్‌వర్డ్‌లు

పాస్‌వర్డ్ చిన్నదై ఉండడం కంటే ఒకే పాస్‌వర్డ్ అన్నిచోట్లా ఉండడం పెద్ద జబ్బు. ఏదో చిన్న వెబ్‌సైట్ నుంచి మెయిల్, పాస్‌వర్డ్ జంటలు బయటపడతాయి. వాటిని ప్రోగ్రాములు పట్టుకెళ్లి వందల సైట్లలో ప్రయత్నిస్తాయి. దీన్నే క్రెడెన్షియల్ స్టఫింగ్ అంటారు. మీ పాస్‌వర్డ్ ఎంత కష్టమైనదైనా ఇక్కడ ఉపయోగం లేదు, ఎందుకంటే వాళ్లు ఊహించడం లేదు, చదివి కొడుతున్నారు.

మీ మెయిల్ చిరునామా అలా బయటపడిందో లేదో "హ్యావ్ ఐ బీన్ పోన్డ్" అనే సైట్‌లో చూసుకోవచ్చు. భద్రతా నిపుణుడు ట్రాయ్ హంట్ 2013లో దాన్ని మొదలుపెట్టారు. అదే సైట్‌లో పాస్‌వర్డ్ కూడా వెతకవచ్చు. అక్కడ మీ పాస్‌వర్డ్ మొత్తం బయటకు వెళ్లదు. దాన్ని బ్రౌజర్‌లోనే హాష్ అనే 40 అక్షరాల సంకేతంగా మార్చి, అందులో మొదటి 5 అక్షరాలే పంపుతారు. ఆ ఐదుతో మొదలయ్యే హాష్‌లన్నీ తిరిగి వస్తాయి, మీది వాటిలో ఉందో లేదో మీ బ్రౌజరే పోల్చి చూస్తుంది. ఈ ఏర్పాటు లేని సైట్ ఏదైనా "మీ పాస్‌వర్డ్ బలం పరీక్షిస్తాం" అంటే మాత్రం అసలుది కొట్టకండి.

ఏం చేయాలి:

- పాస్‌వర్డ్‌లను దాచి, అవసరమైనప్పుడు తానే నింపే పాస్‌వర్డ్ మేనేజర్ ఒకటి ఎంచుకోండి. ఫోన్‌లోనో బ్రౌజర్‌లోనో ముందే ఉన్నదైనా చాలు. మంచిదేదో తేల్చుకోలేక నెలలు గడిపేయడం కంటే ఉన్నదాన్ని ఈరోజే వాడటం మేలు.
- దాన్ని తెరిచే మాస్టర్ పాస్‌వర్డ్, మెయిల్ పాస్‌వర్డ్, ఫోన్ పిన్. మీకు గుర్తుండాల్సినవి ఈ మూడే.
- మిగతావన్నీ మేనేజర్ తయారుచేసిన 16 అక్షరాలో ఇంకా ఎక్కువో ఉన్న గజిబిజి పాస్‌వర్డ్‌లు. వాటిని మీరు చదవనవసరం కూడా లేదు.

గుర్తుండాల్సిన రెండు పాస్‌వర్డ్‌లను మాటలతో కట్టండి. 7,776 మాటల జాబితా లోంచి పాచికలు వేసి మాటలు ఏరుకునే పద్ధతి ఒకటుంది. ఒక పాచికను ఐదుసార్లు వేస్తే ఒక మాట, ఆరు మాటలైతే పాస్‌వర్డ్. జాబితా లేకపోతే నిఘంటువును కళ్లు మూసుకుని తెరిచి, వేలు పడిన మాట తీసుకోండి. మాటలు మీరు ఎంచుకోకూడదు, దొరకాలి. సామెత, పాట చరణం, పద్యం మొదటి పాదం పనికిరావు. అవి అందరికీ తెలిసినవే.

తెలుగు మాటలను ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టేవాళ్లకు ఒక చిక్కు ఉంది. "ఏనుగు" అని ఈరోజు ఒక e అక్షరంతో కొట్టి, నెల తర్వాత రెండు e అక్షరాలతోనో, ముందు y పెట్టో కొడతారు. మాట గుర్తుంటుంది, స్పెల్లింగ్ గుర్తుండదు. "గొడుగు", "బడి", "కలప" లాంటి, ఒకే విధంగా రాయగలిగే మాట వచ్చేదాకా మళ్లీ మళ్లీ తీయండి.

మూడు నెలలకోసారి పాస్‌వర్డ్ మార్చాలన్న పాత సలహాను పక్కన పెట్టండి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే ఆ నియమాన్ని వదులుకోమంది. అలా మార్చమంటే జనం చివర ఉన్న 1ని 2 చేస్తారంతే. పాస్‌వర్డ్ బయటపడిందని తెలిసినప్పుడు మాత్రం ఆ క్షణమే మార్చాలి.

మేనేజర్ వల్ల ఇంకో లాభం ఉంది. అది చూసేది సైట్ రూపాన్ని కాదు, చిరునామాను. నకిలీ పేజీ అచ్చు అసలులా ఉన్నా పాస్‌వర్డ్ నింపదు. ఎప్పుడూ నింపేది ఈసారి నింపలేదంటే "ఇదేదో పనిచేయడం లేదు" అని చేత్తో కాపీ చేసి పెట్టకండి. ఆగి, పైనున్న చిరునామా చదవండి.

ఎంత చెప్పినా మేనేజర్ వాడని పెద్దవాళ్లకు నోట్‌బుక్ ఇవ్వండి. ఇంట్లో బీరువాలో ఉన్న నోట్‌బుక్‌ను ఎక్కడో దూరాన కూర్చున్న దొంగ చదవలేడు.

## 5. రెండో తాళం

పాస్‌వర్డ్ తెలిసినా లోపలికి రాకుండా ఆపేది ఇదే. మూడు రకాలున్నాయి.

ఎస్సెమ్మెస్ కోడ్. ఏమీ లేకపోవడం కంటే ఎంతో నయం. కానీ డూప్లికేట్ సిమ్ తీసుకున్నవాడికి, మీ మెసేజ్‌లు చదివే యాప్ పెట్టినవాడికి ఈ కోడ్ వెళ్లిపోతుంది.

అథెంటికేటర్ యాప్. 30 సెకన్లకోసారి మారే 6 అంకెల కోడ్ ఇస్తుంది. దీనికి నెట్, సిగ్నల్ అక్కర్లేదు. మొదట స్కాన్ చేసే క్యూఆర్‌లో ఒక రహస్య కీ ఉంటుంది. ఆ కీని, గడియారంలోని సమయాన్ని కలిపి ఫోనే కోడ్ లెక్కగడుతుంది. అందుకే ఫోన్ గడియారం ఒకటి రెండు నిమిషాలు తప్పినా కోడ్ చెల్లదు. "కోడ్ సరిగ్గానే కొట్టాను, తప్పు అంటోంది" అనేవాళ్లు ముందు తేదీ, సమయం ఆటోమేటిక్‌లో ఉన్నాయో లేదో చూడాలి.

పాస్‌కీ. వేలిముద్రతోనో, ముఖంతోనో, పిన్‌తోనో తెరుచుకునే తాళం. ఇది ఒక్కో సైట్ చిరునామాకు కట్టి ఉంటుంది, నకిలీ సైట్‌లో పనిచేయదు. ఓటీపీని మాయమాటలతో మీ నోట చెప్పించవచ్చు. పాస్‌కీలో చెప్పడానికి ఏమీ ఉండదు. ఏ ఖాతా ఇస్తే ఆ ఖాతాకు ఇదే పెట్టుకోండి.

పెట్టుకునే వరస:

1. మెయిల్‌కు ముందు. తర్వాత పాస్‌వర్డ్ మేనేజర్‌కు, ఆ తర్వాత డబ్బు, సోషల్ మీడియా ఖాతాలకు.
2. రెండో తాళం ఆన్ చేయగానే బ్యాకప్ కోడ్‌లు తీసుకోండి. గూగుల్ ఒకేసారి 10 కోడ్‌లు ఇస్తుంది, ఒక్కోటి 8 అంకెలు, ఒక్కోటి ఒక్కసారే చెల్లుతుంది. కొత్త సెట్ తీస్తే పాత సెట్ మొత్తం రద్దు.
3. వాటిని కాగితం మీద రాసి, తేదీ వేసి, కవరులో పెట్టి అతికించండి. ఫోన్ గ్యాలరీలో స్క్రీన్‌షాట్‌గా పెట్టుకోవడం అంటే తాళంచెవిని తలుపుకే వేలాడదీయడం. ఫోన్ పోయిన రోజే ఆ కోడ్‌లతో పని పడుతుంది.
4. రెండో పరికరంలో లాగిన్ చేసి చూడండి. ఇప్పటికే లాగిన్ అయి ఉన్న ఫోన్‌ను సైన్ అవుట్ చేయకముందే ఈ పరీక్ష జరగాలి.

ఎక్కువమంది చేసే తప్పు కొత్త ఫోన్ కొన్న రోజు జరుగుతుంది. పాత ఫోన్ చెరిపేసి ఇచ్చేస్తారు, అథెంటికేటర్ కోడ్‌లు దానితోపాటే పోతాయి. కొన్ని యాప్‌లు కోడ్‌లను మీ ఖాతాతో సింక్ చేస్తాయి, కొన్ని చేయవు. కొత్త ఫోన్‌లో కోడ్ కనిపించి, దానితో ఒకసారి లాగిన్ అయ్యేదాకా పాత ఫోన్ మీ దగ్గరే ఉండాలి.

## 6. మెసేజింగ్ యాప్

వాట్సాప్ ఖాతా ఫోన్ నంబరుతో నడుస్తుంది. ఇంకో ఫోన్‌లో మీ నంబరు కొట్టి, మీకొచ్చిన 6 అంకెల కోడ్ మీ నుంచి రాబడితే ఖాతా వాళ్లదైపోతుంది. "పొరపాటున నీ నంబరుకు నా కోడ్ వచ్చింది, పంపవా" అని తెలిసిన మనిషి ఖాతా నుంచే అడుగుతారు. ఆ తెలిసిన మనిషి ఖాతా అప్పటికే పోయిందని అర్థం.

- సెట్టింగ్స్, అకౌంట్, టూ-స్టెప్ వెరిఫికేషన్‌లో 6 అంకెల పిన్ పెట్టండి. అది ఫోన్ పిన్ కాకూడదు.
- అక్కడే మెయిల్ చిరునామా కూడా ఇవ్వండి. ఇవ్వకుండా పిన్ మర్చిపోతే దాన్ని మార్చుకోవడానికి 7 రోజులు ఆగాలి.
- లింక్డ్ డివైసెస్ తెరిచి, మీవి కానివి లాగ్ అవుట్ చేయండి. ఎవరో రెండు నిమిషాలు మీ ఫోన్ తీసుకుని వాళ్ల కంప్యూటర్‌కు కలిపేసి ఉంటే, మీ మాటలన్నీ అక్కడ చదువుతూ ఉండవచ్చు.
- ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్‌కు పాస్‌వర్డ్ పెడితే దాన్ని కవరులో రాసి పెట్టండి. మర్చిపోతే కంపెనీ కూడా తెరిచి ఇవ్వలేదు.

## 7. యాప్‌ల అనుమతులు

ఇది పెద్ద పనిలా అనిపిస్తుంది కానీ పావుగంటలో అవుతుంది. ఒక్కో యాప్‌ను తెరవకండి. అనుమతి వైపు నుంచి రండి: ఆండ్రాయిడ్‌లో పర్మిషన్ మేనేజర్, ఐఫోన్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ. "మైక్" నొక్కితే మైక్ వాడగల యాప్‌లన్నీ ఒకచోట కనిపిస్తాయి.

లొకేషన్ "వాడుతున్నప్పుడు మాత్రమే" చాలు. వాతావరణం యాప్‌కు కచ్చితమైన చోటు అక్కర్లేదు, ఉజ్జాయింపుగా తెలిస్తే సరిపోతుంది. కాంటాక్ట్స్ అనుమతి మీ ఒక్కరిది కాదు. మీ వాళ్లందరి నంబర్లు వాళ్లను అడగకుండా ఇచ్చేస్తున్నారు, కాబట్టి ఇక్కడ పిసినారితనం తప్పు కాదు.

ఆండ్రాయిడ్‌లో అసలు ప్రమాదం ఈ జాబితాలో కనబడని చోట ఉంది. ఈ ఐదూ విడిగా వెతికి చూడండి:

- యాక్సెసిబిలిటీ: ఇది దొరికిన యాప్ తెర మీదున్నది చదవగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు. బ్యాంకు ఖాతాలు దోచే యాప్‌లు ముందు అడిగేది దీన్నే. టార్చి యాప్‌కో, క్లీనర్ యాప్‌కో ఇది ఎందుకు?
- నోటిఫికేషన్ యాక్సెస్: ఓటీపీలు చదవడానికి ఇది చాలు.
- ఇతర యాప్‌ల మీద కనబడటం: అసలు తెర మీద నకిలీ తెర పరచడానికి.
- డివైస్ అడ్మిన్: తీసేయబోతే యాప్ మొండికేస్తుంది. ముందు ఇక్కడ ఆపి, తర్వాత అన్‌ఇన్‌స్టాల్ చేయాలి.
- తెలియని యాప్‌ల ఇన్‌స్టాల్: బ్రౌజర్‌కు గానీ, మెసేజింగ్ యాప్‌కు గానీ ఇది ఆన్‌లో ఉండకూడదు. పెళ్లి కార్డు పేరుతోనో బిల్లు పేరుతోనో వచ్చే ఏపీకే ఫైలు (స్టోర్ బయట నుంచి యాప్‌ను వేసే ఫైలు) దూరే దారి ఇదే.

ఆండ్రాయిడ్ 12 నుంచి మైక్ గానీ కెమెరా గానీ వాడుతుంటే తెర పైమూల ఆకుపచ్చ గుర్తు వస్తుంది. ఐఫోన్‌లో మైక్‌కు నారింజ, కెమెరాకు ఆకుపచ్చ. మీరేమీ చేయకుండా అది వెలిగితే పైనుంచి కిందికి లాగండి, ఏ యాప్ వాడుతోందో తెలుస్తుంది.

## 8. లింకు, ఫోన్ కాల్, ఏఐ

చిరునామా చదివే పద్ధతి. మొదట వచ్చే జంట గీతల తర్వాత, తొలి ఒంటి గీత (/) ఎక్కడుందో చూడండి. అక్కడి నుంచి ఎడమకు, చుక్కల మధ్య ఉన్న రెండు ముక్కలు చదవండి. ఉదాహరణకు "మీబ్యాంకు.కామ్.ఖాతా-చెక్.ఇన్ఫో/లాగిన్" అని ఉంటే, ఆ సైట్ మీ బ్యాంకుది కాదు, "ఖాతా-చెక్.ఇన్ఫో" అనేవాళ్లది. ముందున్న "మీబ్యాంకు.కామ్" ఎవరైనా తగిలించుకోగల తోక. కొన్ని దేశాల చిరునామాల చివర రెండు ముక్కలు కలిసి ఉంటాయి, అక్కడ మూడు చదవాలి. తాళం బొమ్మ ఉంది కదా అని నమ్మవద్దు. దారి మధ్యలో ఎవరూ చదవలేరని మాత్రమే దాని అర్థం, అవతల ఉన్నది దొంగైనా సరే. జనం అపార్థం చేసుకుంటున్నారనే క్రోమ్ 2023లో ఆ బొమ్మ తీసేసింది.

ఫోన్ కాల్. ఎవరు ఫోన్ చేసినా, ఎంత భయపెట్టినా, చేయాల్సింది ఒకటే: పెట్టేసి, కార్డు వెనకున్న నంబరుకు మీరే ఫోన్ చేయండి. సెర్చ్‌లో పైన కనిపించిన కస్టమర్ కేర్ నంబరు కాదు. మీ తెరను వాళ్లకు చూపించే యాప్ వేయమన్నారంటే ఇక మాట్లాడాల్సింది ఏమీ లేదు.

గొంతు గుర్తుపట్టాను కదా అనుకోవడానికి ఇప్పుడు వీల్లేదు. చిన్న ఆడియో ముక్కతో గొంతును అనుకరించగలుగుతున్నారు. ఇంట్లోవాళ్లంతా కూర్చుని ఒక మాట అనుకోండి. డబ్బు అడిగే కాల్ వస్తే ఆ మాట అడగాలి. దాన్ని మెసేజ్‌లో రాసుకోవద్దు, నోటితో చెప్పుకోండి.

ఏఐ చాట్. గుర్తింపు కార్డు ఫొటో, పాస్‌వర్డ్, వేరేవాళ్ల వైద్య నివేదిక, ఆఫీసు కాగితాలు అందులో పెట్టకండి. సహాయం కావాలంటే పేర్లు, నంబర్లు తీసేసి మిగతాది పెట్టండి. అది ఇచ్చిన ఫోన్ నంబరును, మందు మోతాదును ఇంకోచోట సరిచూడకుండా వాడకండి. తప్పును కూడా అదే ధీమాతో చెబుతుంది.

## 9. బ్యాకప్, పరీక్ష

ముఖ్యమైన ఫైళ్లకు మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి ఇంటి బయట. ఫొటోల సింక్‌ను బ్యాకప్ అనుకునేవాళ్లు ఎక్కువ. సింక్ అంటే ఫోన్‌లో చెరిపితే అక్కడా చెరిగిపోతుంది. హార్డ్‌డిస్క్‌ను కాపీ అవగానే తీసి పక్కన పెట్టండి. తగిలించే ఉంచితే ఫైళ్లకు తాళం వేసే వైరస్ దానికీ తాళం వేస్తుంది.

కాపీ తీశాక ఒక పాత ఫొటో, ఒక డాక్యుమెంట్ బ్యాకప్ లోంచి వెనక్కి తెచ్చి తెరిచి చూడండి. తెరుచుకోకపోతే అది బ్యాకప్ కాదు.

ఫోన్ అమ్మేముందు: బ్యాకప్, కోడ్‌ల బదిలీ, గూగుల్ లేదా యాపిల్ ఖాతా సైన్ అవుట్, ఫ్యాక్టరీ రీసెట్. ఇదే వరస. ఖాతా తీయకుండా రీసెట్ చేస్తే కొన్నవాళ్లకు ఫోన్ తెరుచుకోకపోవచ్చు. సిమ్, మెమరీ కార్డు తీయడం మర్చిపోకండి.

ఆరు నెలలకోసారి చూడాల్సినవి:

- మెయిల్‌లో పరికరాలు, ఫిల్టర్లు
- లింక్డ్ డివైసెస్
- యాక్సెసిబిలిటీ జాబితా
- కవరు ఉన్నచోటే ఉందా
- ఫోన్‌కు సెక్యూరిటీ అప్‌డేట్‌లు ఇంకా వస్తున్నాయా

## 10. జరిగిపోతే

ఫోన్ పోతే:

1. వేరే పరికరం నుంచి గూగుల్ లేదా యాపిల్ వెతికే పేజీలో ఫోన్‌కు తాళం వేయండి. వెంటనే చెరిపేయకండి, చెరిపితే కొన్ని ఫోన్లు తర్వాత ఎక్కడున్నాయో తెలియదు.
2. సిమ్ ఆపించండి.
3. బ్యాంకుకు చెప్పండి.
4. మెయిల్ పాస్‌వర్డ్ మార్చి, ఆ ఫోన్‌ను సైన్ అవుట్ చేయండి. రెండో తాళానికి కవరులోని బ్యాకప్ కోడ్ వాడండి.

"మీ ఫోన్ దొరికింది, ఇక్కడ లాగిన్ అవండి" అని కొన్నాళ్లకు మెసేజ్ వస్తుంది. ఫోన్‌ను ఖాతా నుంచి విడిపించుకోవడానికి దొంగ పంపేదే అది. ఐఫోన్ ఉన్నవాళ్లు పోకముందే స్టోలెన్ డివైస్ ప్రొటెక్షన్ ఆన్ చేసుకోవాలి. ఐఓఎస్ 17.3 నుంచి ఉంది. పిన్ చూసి ఫోన్ లాక్కున్నవాడు తెలియని చోట ఖాతా పాస్‌వర్డ్ మార్చబోతే ముఖం అడుగుతుంది, గంట ఆగమంటుంది, మళ్లీ ముఖం అడుగుతుంది.

ఖాతాలో ఎవరో ఉన్నారనిపిస్తే: మూడో భాగంలోని వరసే, శుభ్రమైన ఇంకో పరికరం నుంచి. ముందు మెయిల్, తర్వాత ఆ ఖాతా.

అనుమానం యాప్ మీదైతే: నెట్, వైఫై ఆపండి. యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్ తీసి, యాప్ తొలగించండి. తొలగకపోతే ఫ్యాక్టరీ రీసెట్. తర్వాత యాప్‌లను అధికారిక స్టోర్ నుంచి ఒక్కొక్కటిగా వేసుకోండి, పాత ఏపీకే ఫైళ్లు తిరిగి తేవద్దు. ఆ ఫోన్‌లో ఉండగా పాస్‌వర్డ్‌లు మార్చి ఉంటే అవన్నీ ఇంకోసారి మార్చాలి. మీరు కొట్టిన కొత్తది కూడా ఆ యాప్ చూసే ఉంటుంది.

డబ్బు వెళ్లిపోతే: మొదటి కాల్ బ్యాంకుకు, రెండోది పోలీసులకు. స్క్రీన్‌షాట్‌లు, లావాదేవీ సంఖ్య, ఫోన్ నంబర్లు, సమయాలు పుస్తకంలో రాసుకోండి. సిగ్గుపడి మెసేజ్‌లు చెరిపేయవద్దు, అవే సాక్ష్యం. పోయిన డబ్బు తిరిగి తెప్పిస్తామని ఫీజు అడుగుతూ ఎవరైనా వస్తే, వాళ్లు రెండో విడత దొంగలు. మోసపోయినవాళ్ల నంబర్ల జాబితాలు కూడా చేతులు మారుతుంటాయి.